హీమ్ నుంచి నేల ఉసిరి దాకా: రంగుల వెంట ఒక బయోకెమిస్ట్

అధ్యక్షులవారికి, పెద్దలకు, పరీక్షలు దగ్గర పడ్డా వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ, మలేరియాతో మొదలుపెట్టి, కంటి ప్రొటీన్ల మీదికి వెళ్లి, ఆఖరికి మందుమొక్కల దగ్గరికి చేరారని అన్నారు. పరిశోధనకు డబ్బిచ్చే కమిటీల ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఎదురైన ప్రశ్నా ఇదే. "అసలు మీ రంగం ఏమిటండీ?" అనేవారు. అప్పుడు టెన్షన్‌లో ఏదో ఒకటి చెప్పి బయటపడేవాణ్ని. ఈ రోజు కమిటీ లేదు కాబట్టి తీరిగ్గా చెప్తాను. నా రంగం రంగులే.

కొన్ని అణువులు కాంతిని పీల్చుకుంటాయి. అలాంటి అణువు ప్రొటీన్‌లో ఇమిడినా, ఆమ్లంలో పడినా, ఆకారం మారినా దాని రంగు ఎంతో కొంత మారుతుంది. ఆ మార్పును స్పెక్ట్రోఫోటోమీటర్ అంకెల్లో చెప్తుంది. కంటికి ఆనని చోట ఏం జరుగుతోందో ఆ అంకెలను బట్టి పోల్చుకోవచ్చు. నేను జీవితమంతా చేసిన పని ఇదే. జబ్బులో చేశాను, కంట్లో చేశాను, ఆకులో చేశాను.

ఈ దారి నాకు చూపించింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1948లోనే పోయారు, నేను చూసింది లేదు. కానీ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ ఆయన పద్ధతి నేర్చుకునేవాడు. ఆయన సహశాస్త్రవేత్త ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పద్ధతి అది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలం తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఉన్నట్టు. చూడ్డానికి ఇంత చిన్న పని. ఆ నీలాన్ని పట్టుకునే వాళ్లిద్దరూ కండరంలో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాల పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. రంగును కొలిచి ప్రాణశక్తి లెక్క దాకా పోవచ్చని నాకు ఆ నీలంతోనే అర్థమైంది.

మలేరియాలోకి వస్తాను. పరాన్నజీవి ఎర్రరక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. హిమోగ్లోబిన్‌లో గ్లోబిన్ అనే ప్రొటీన్, హీమ్ అనే ఇనుము ఉన్న రంగు అణువు ఉంటాయి. గ్లోబిన్ తిండికి పనికొస్తుంది. మిగిలిన హీమ్ విషం, పొరలను చీల్చేస్తుంది. మన శరీరమైతే హీమ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌తో వదిలించుకుంటుంది. పరాన్నజీవి హీమ్ అణువులను స్ఫటికాలుగా పేర్చి ఒక మూలన పడేస్తుంది. ఆ గోధుమ-నలుపు స్ఫటికాలే హిమోజోయిన్. 1880లో లావెరాన్ రోగి రక్తంలో పరాన్నజీవిని గుర్తుపట్టింది ఈ నల్లపొడి వల్లే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసినప్పుడు, అక్కడి కణాలు దోమవి కావు, మలేరియావి అని తేల్చిందీ ఆ రంగు రేణువులే. దోమ సంగతి లోకమంతా చెప్పుకుంది, ఆ రేణువుల సంగతి ఎవరికీ పట్టలేదు.

క్లోరోక్విన్ ఆ స్ఫటికాలు ఏర్పడకుండా అడ్డుపడుతుంది. పరాన్నజీవి జీర్ణం చేసుకునే సంచిలో పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. క్లోరోక్విన్ క్షారగుణం ఉన్న మందు కాబట్టి ఆ ఆమ్లపు సంచిలోకి వెళ్లి అక్కడే పోగుపడుతుంది, హీమ్‌కు అతుక్కుంటుంది. పేరుకున్న హీమ్ విషమై పరాన్నజీవినే చంపుతుంది. మా పని కొత్త పదార్థాల్లో ఏవి ఇలా అడ్డుపడతాయో చూడటం. ఆమ్లపు బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో, హెమాటిన్ అనే హీమ్ రూపానికి ఆ పదార్థం కలిపి వెచ్చగా ఉంచుతాం. స్ఫటికం కానిదంతా కడిగేసి, మిగిలినదాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని ఎంత పీలుస్తుందో చదువుతాం. రంగు తక్కువైతే స్ఫటికం తక్కువ, మందు పనిచేసినట్టు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మామూలుగా సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా పోవాలంటే మందు అతుక్కునే తమ ప్రొటీన్‌నే మార్చుకుంటాయి. మలేరియాకు ఆ వీలు లేదు. హీమ్ దానిది కాదు, మన రక్తానిది. దాన్ని ఎలా మారుస్తుంది? అందుకే క్లోరోక్విన్‌కు ఎదురు తిరగడానికి పరాన్నజీవులకు చాలా కాలం పట్టింది. ఆఖరికి అవి హీమ్ జోలికి పోలేదు. సంచి గోడలో ఉన్న ఒక రవాణా ప్రొటీన్‌ను మార్చుకుని, వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోసేయడం నేర్చుకున్నాయి. ఆ జన్యువును 2000లో గుర్తించారు.

ఈ పని చేస్తుండగా నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. హిమోగ్లోబిన్ లోపల ఉన్నప్పుడు హీమ్ బుద్ధిగా ఆక్సిజన్ మోస్తుంది. బయట పడితే అదే విషం. అణువు ఒకటే. దాని చుట్టూ ప్రొటీన్ కట్టిన గూడు దాని గుణం మార్చేసింది. ఈ గూడు మహిమను తేటగా చూడాలంటే ఏ ప్రొటీన్ మేలు? జవాబు కంట్లో దొరికింది.

కంట్లో వెలుతురును పట్టే రోడాప్సిన్ అనే ప్రొటీన్ గురించి కాసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. కంటి వెనక పొర అయిన రెటీనాలో ఊదారంగు ఉందనీ వెలుతురు తగిలితే అది వెలిసిపోతుందనీ 1876లో ఫ్రాంజ్ బోల్ కప్ప కంట్లో చూశాడు. కొద్దికాలానికే కూనె దాన్ని పిత్తలవణాలతో కరిగించి బయటికి తీశాడు. 1933లో జార్జ్ వాల్డ్ రెటీనాలో విటమిన్ ఎ ఉందని కనుక్కున్నాడు. విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి ఎందుకొస్తుందో అక్కడి నుంచి విప్పుకుంటూ వెళ్లి, 1967లో నోబెల్ పంచుకున్నాడు. విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినల్ అనే అణువు, ఆప్సిన్ అనే ప్రొటీన్ గూటిలో కూర్చుంటే రోడాప్సిన్ అవుతుంది.

ఇప్పుడు అంకెలు చూడండి. రెటినల్‌ను ఆల్కహాల్‌లో కరిగిస్తే 380 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తుంది, అంటే మనకు అతినీలలోహితం అంచు. ఆప్సిన్‌లోని 296వ స్థానంలో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుని గూట్లో సర్దుకుంటే 500కు జరుగుతుంది. మన కంట్లోనే రంగులు చూసే కోన్ కణాల్లో ఇదే రెటినల్ ఒకచోట 420, ఒకచోట 530, ఇంకోచోట 560 దగ్గర పీలుస్తుంది. రెటినల్‌లో ఒక్క పరమాణువు కూడా తేడా లేదు. ఎరుపు ఆప్సిన్‌కూ ఆకుపచ్చ ఆప్సిన్‌కూ 364 అమైనో ఆమ్లాల్లో దాదాపు 15 చోట్లే తేడా. ఈ రెండు జన్యువులూ ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. వర్ణాంధత్వం మగవాళ్లలో ఎక్కువగా ఉండటానికి కారణం అదే. ఎరుపునూ ఆకుపచ్చనూ మనం విడదీసి చూస్తున్నామంటే ఆ 15 మార్పుల పుణ్యమే.

ఫోటాన్ అనే కాంతి కణం తగలగానే రెటినల్ వంకర తీరి సాపు అవుతుంది. ఇందుకు పట్టే సమయం 200 ఫెమ్టోసెకన్లు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఐదో వంతు. జీవులలో జరిగే రసాయన చర్యల్లో ఇంత వేగమైనవి చాలా అరుదు. అంత తేలిగ్గా తిరగబడే అణువు చీకట్లో మాత్రం కదలకుండా కూర్చుంటుంది. ఒక రోడాప్సిన్ అణువు వెలుతురు లేకుండా తనంతట తాను తిరగబడాలంటే సగటున కొన్ని వందల ఏళ్లు పడుతుందని లెక్క. మసక వెలుతురులో చూసే రోడ్ కణం ఒక్కోదానిలో దాదాపు 10 కోట్ల రోడాప్సిన్‌లు ఉంటాయి కాబట్టి ఆ మాత్రం నిలకడ లేకపోతే చీకట్లో లేని మెరుపులు కనిపిస్తూనే ఉండేవి. ఒక్క ఫోటాన్‌కు రోడ్ కణం స్పందించగలదంటే ఈ నిలకడ వల్లే. వేగం చూసి అందరూ ఆశ్చర్యపోతారు. నాకు ఆ నిశ్చలత్వమే పెద్ద వింత.

ఈ పని చేసే గదిలో మసక ఎర్రబల్బు తప్ప ఏదీ వెలగదు. రోడాప్సిన్ ఎరుపును పెద్దగా పీల్చుకోదు కాబట్టి ఆ వెలుగులో భద్రంగా ఉంటుంది. పశువుల రెటీనాలు తెచ్చి ఆ ఎర్ర చీకట్లో గంటల తరబడి వేరుచేయాలి. ఎవరైనా తలుపు తీస్తే పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా పోయినట్టే. అందుకే మా విద్యార్థులు తలుపు మీద రాసిన హెచ్చరికలు ఇక్కడ చదవదగ్గవి కావు. (నవ్వులు)

జబ్బు ఇక్కడా వచ్చింది. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్య అంధత్వం దాదాపు 4000 మందిలో ఒకరికి వస్తుంది. దీనికి కారణమైన మొదటి రోడాప్సిన్ మార్పును 1990లో గుర్తించారు. 23వ స్థానంలో ప్రోలీన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ వచ్చింది. ఆ తర్వాత ఇలాంటివి వందకు పైగా బయటపడ్డాయి. ప్రోలీన్ పోవడంతో ప్రొటీన్ సరిగా ముడుచుకోలేక కణం లోపలే ఇరుక్కుపోతుంది. కణాలను ల్యాబ్‌లో పెంచేటప్పుడే రెటినల్‌ను గానీ, దాని దగ్గరి చుట్టాన్ని గానీ కలిపితే ఆ వంకర ప్రొటీన్ కొంతమేర దారికొస్తుంది. ఇన్నాళ్లూ గూడు అణువును మారుస్తుందని చూశాను కదా. ఇక్కడ అణువు గూటిని నిలబెడుతోంది. మందు అంటే అడ్డుకునేదే కానక్కర్లేదు, ఆసరా కూడా మందే అవుతుందని అక్కడ తెలిసింది.

రోడాప్సిన్‌కు దూరపు బంధువు ఒకటి ఉప్పు మడుల్లో ఉంది. విపరీతమైన ఉప్పులో బతికే సూక్ష్మజీవి పొరలో ఊదారంగు మచ్చలు కనిపిస్తే, అందులోనూ రెటినలే ఉందని 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకెనియస్ తేల్చారు. బాక్టీరియోరోడాప్సిన్ అన్నారు. ఇది చూపు కోసం కాదు, వెలుగుతో ప్రోటాన్లను బయటికి తోడే పంపు. 1974లో రాకర్, స్టోకెనియస్ చేసిన ప్రయోగం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఉప్పునీటి జీవి నుంచి ఈ పంపు, ఎద్దు గుండె నుంచి ఏటీపీ తయారుచేసే ఎంజైమ్, సోయా నుంచి కొవ్వు తెచ్చి, మూడింటినీ ఒక బుడగలో కలిపి లైటు వేశారు. ఏటీపీ తయారైంది! పుట్టుకలో ఏ సంబంధమూ లేని ఆ రెండు ప్రొటీన్లను కలిపింది పొరకు అటూ ఇటూ ప్రోటాన్ల తేడా ఒక్కటే. కణాలు ఏటీపీ చేసుకునేది ఈ ప్రోటాన్ల తేడాతోనే అని పీటర్ మిచెల్ చెప్పింది నిజమేనని చాలామందిని ఒప్పించిన ప్రయోగాల్లో ఇదొకటి. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. తర్వాత నాచు నుంచి ఇలాంటిదే ఇంకో ప్రొటీన్ తీసి నరాల కణాల్లో పెట్టి, వెలుగుతో వాటిని నడిపించడం 2005 నుంచి మొదలైంది. 2021లో రెటినైటిస్ పిగ్మెంటోజాతో చూపు పోయిన ఒక రోగికి ఆ తరహా ప్రొటీన్ జన్యువును కంట్లోకి ఎక్కించి, ప్రత్యేకమైన కళ్లద్దాలు పెడితే, ఎదురుగా టేబుల్ మీదున్న వస్తువులను పోల్చుకోగలిగారు.

ఇక్కడి నుంచి మొక్కలకు వంతెన ఏమిటంటారా? మళ్లీ హీమే. మన శరీరం హీమ్‌ను విరగ్గొడితే ముందు ఆకుపచ్చ బిలివర్డిన్, ఆపైన పసుపుపచ్చ బిలిరుబిన్ వస్తాయి. కామెర్ల పసుపు అదే. 1950లలో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో వార్డ్ అనే నర్సు, ఎండలో ఉంచిన పసిబిడ్డ ఒంటి మీద బట్ట కప్పిన చోట తప్ప పసుపు తగ్గిందని గమనించింది. 1958లో అక్కడి డాక్టర్లు దాన్ని ప్రచురించారు. నీలికాంతి తగిలితే బిలిరుబిన్‌లో ఒక ద్విబంధం తిరగబడి అది నీటిలో కరిగే రూపానికి వస్తుంది, బయటికి పోతుంది. రెటినల్‌లో జరిగేదీ ద్విబంధం తిరగడమే. ఇక మొక్కలు కూడా హీమ్‌ను ఇలాగే బిలివర్డిన్‌గా విరగ్గొట్టి, దాన్నుంచి చేసుకున్న అణువును ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్‌లో పెట్టుకుంటాయి. అది 660 దగ్గర ఎరుపును, 730 దగ్గర దూరపు ఎరుపును పసిగట్టి, తన మీద నీడ పడిందో లేదో మొక్కకు చెప్తుంది. మన ఒంట్లో చెత్తగా పోయేదే మొక్కకు కన్ను.

వెలుతురును బట్టి మొక్క ఎదుగుదలతో పాటు అది చేసుకునే రసాయనాలు కూడా మారతాయి. మందుమొక్కల్లో పనికొచ్చేవి చాలావరకు ఆ రసాయనాలే. అలా నేను మందుమొక్కల్లోకి వచ్చాను. వచ్చాక అర్థమైంది, ఇన్నాళ్లూ నాకు తోడున్న రంగు ఇక్కడ పక్కా దొంగ అని.

ఏ ఆకునైనా నూరి ఆల్కహాల్‌లో నానబెట్టండి. ముందుగా కనిపించేది పత్రహరితం. ఆ వెనక కెరోటిన్లు, టానిన్లు. టానిన్లు కనిపించిన ప్రొటీన్‌నల్లా పట్టుకుని అడుగున పడేస్తాయి. ఏ ఎంజైమ్ మీద పెట్టినా "ఈ సారం పనిచేస్తోంది" అన్న ఫలితమే వస్తుంది. మలేరియా ఎంజైమ్ ఆగుతుంది, కేన్సర్ ఎంజైమ్ ఆగుతుంది, షుగర్ ఎంజైమ్ ఆగుతుంది. సర్వరోగ నివారిణి దొరికిందని పేపర్ రాసేయొచ్చు, చాలామంది రాస్తున్నారు కూడా. పసుపుకొమ్ములోని కుర్కుమిన్ కథ ఇంకా ముదిరింది. అది 425 నానోమీటర్ల దగ్గర కాంతి పీలుస్తుంది, వెలుగు చిమ్ముతుంది, నీళ్లలో ఉండలు కడుతుంది, మామూలు బఫర్‌లో కాసేపట్లోనే విరిగిపోతుంది. కాంతితో కొలిచే ప్రతి పరీక్షలోనూ వేలుపెడుతుంది. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన సమీక్ష దీన్ని మందుగా మలచడం మీద గట్టి సందేహాలే వెలిబుచ్చింది. పసుపు మీద అభిమానంతో నన్ను కోప్పడిన వాళ్లున్నారు. నాకూ అభిమానమే, కానీ అభిమానాన్ని క్యువెట్‌లో, అంటే కాంతి కొలిచే చిన్న గాజు పాత్రలో, పోసి కొలవలేం కదా.

ఉండలు కట్టే పదార్థాలను పట్టుకోవడానికి ఒక తేలికైన ఉపాయం ఉంది. పరీక్షలో 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలపండి. మందు ప్రభావం మాయమైతే అది మందు కాదు, ఉండ. విద్యార్థులు ఇదొక్కటి రాసుకోండి, రెండేళ్ల శ్రమ మిగులుతుంది.

రంగు దొంగైతే, రంగు లేనివాటి సంగతి? మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను చూడండి. 1967లో చైనాలో మొదలైన మలేరియా పథకంలో తు యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్యగ్రంథాలు తిరగేశారు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దపు ఒక గ్రంథంలో, ఈ మందు ఉన్న మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగాలని ఉంది, కాచమని లేదు. వేడికి గుణం పోతోందేమో అనుకుని తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో ఎలుకల్లో మలేరియా పూర్తిగా పోయింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆ అణువు ప్రాణమంతా రెండు ఆక్సిజన్‌ల వంతెనలో ఉంది. ఆ వంతెనను తెంపి మందును మేల్కొలిపేది పరాన్నజీవి లోపల ఉన్న హీమ్. చూశారా, హీమ్ ఎక్కడ తేలిందో! ఇంత గొప్ప మందూ మా స్పెక్ట్రోఫోటోమీటర్‌కు దాదాపు కనిపించదు. క్షారంతో మార్చి, 260 దగ్గర పీల్చుకునే రూపానికి తెచ్చి కొలవాల్సి వస్తుంది. రంగు చూసి ఎంచుకునేవాడి చేతిలో అది పారబోతలో పోయేది.

జబ్బు, వెలుగు, మొక్క మూడూ ఒకేచోట కలిసేది బావంచాలు అనే మందుమొక్క గింజల్లో. బొల్లి మచ్చల మీద బావంచాలు రాసి ఎండలో కూర్చోబెట్టడం మన పాత వైద్యంలో ఉంది. వాటిలోని సొరలెన్ డీఎన్ఏ మెట్ల మధ్య దూరి, యూవీ-ఎ కాంతి తగిలినప్పుడు రెండు పోగులను కలిపి కుట్టేస్తుంది. 1974లో అదే కుటుంబపు అణువును మింగించి యూవీ దీపాల కింద నిలబెట్టి సోరియాసిస్‌కు చికిత్స చేశారు. పనిచేస్తుంది. చర్మ కేన్సర్ ముప్పునూ పెంచుతుంది. మొక్క కాబట్టి హాని లేదనుకునే వాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

నేల ఉసిరి గురించి చెప్పమని ఇందాక బయట ఒకాయన అడిగారు, అదీ చెప్పి ఆపేస్తాను. 1988లో లాన్సెట్ పత్రికలో మద్రాసులో జరిగిన అధ్యయనం వచ్చింది. దాని రచయితల్లో హెపటైటిస్-బి వైరస్‌ను కనుక్కున్న బ్లంబర్గ్ ఉన్నారు. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఉనికిని చూపే యాంటిజెన్ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. లోకం ఉలిక్కిపడింది. తర్వాత వేరే చోట్ల చేసినవాళ్లకు ఆ ఫలితం రాలేదు. మొక్క జాతి ఒకటేనా? కోసిన కాలం ఒకటేనా? ఎలా ఎండబెట్టారు? ఇప్పుడు వెనక్కి వెళ్లి తేల్చలేం. కామెర్లకు పసరు వేసి తగ్గించామనే వాళ్ల మాట మాత్రం దీనితో కలపకండి. హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి, పసరుకు పేరొస్తుంది. పసరు తాగి ఊరుకుని, రక్తపరీక్ష చేయించుకోని హెపటైటిస్-బి రోగి సంగతే నాకు దిగులు.

అందుకే మా ల్యాబ్‌కు ఆకులు పంపే వాళ్లకు ఒక విన్నపం. మొక్క పేరు రాస్తే చాలదు. ఏ భాగమో, ఏ నెలలో ఏ పూట కోశారో, ఎండలో పెరిగిందా నీడలో పెరిగిందా, ఎక్కడ ఆరబెట్టారో రాయండి. పువ్వుతో, కాయతో ఉన్న కొమ్మను అదిమి ఆరబెట్టిన హెర్బేరియం షీట్ ఒకటి జతచేయండి. షీట్ లేకుండా పొడి డబ్బా ఒక్కటే వస్తే మా పిల్లలు దాన్ని మెషీన్ ఎక్కించరు, నేను చెప్పినా ఎక్కించరు. ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయితో మొదలుపెడదాం.